జ్వరం లేకపోయినా పసికందుకు జబ్బు ఉండవచ్చు

ఒక రోజు తెల్లవారుజామున ఒక నాయనమ్మ తొమ్మిది రోజుల మనవణ్ణి పొత్తిళ్ళలో చుట్టుకొని మా వార్డుకు వచ్చింది. "జ్వరమేమీ లేదమ్మా. వీడు బుద్ధిమంతుడు, నిన్నటి నుంచి ఏడుపే లేదు. పాలు మాత్రం సరిగా తాగడం లేదు" అంది. మేము పొత్తిళ్ళు విప్పి చూశాము. పాదాలూ పొట్టా రెండూ చల్లగా ఉన్నాయి. బొడ్డు చుట్టూ ఎర్రగా కంది ఉంది, దానిమీద బూడిద రాసి ఉంది. డాక్టరుగారు వెంటనే రక్తపరీక్షకు పంపి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. దేవుని కృప వలన రెండు వారాల తరువాత ఆ బిడ్డ తల్లి ఒడిలో ఇంటికి వెళ్ళాడు. ఇలాగే వచ్చి దక్కని బిడ్డలను కూడా మేము చూశాము. అందుకే ఈ నాలుగు మాటలు.

బిడ్డకు రక్షణ ఎందుకు తక్కువ?

గర్భంలో ఉమ్మనీటి సంచి బిడ్డను కాపాడుతుంది. పుట్టిన క్షణం నుంచి గాలిలో, చేతుల్లో, గుడ్డల్లో ఉన్న సూక్ష్మజీవులన్నీ ఎదురవుతాయి. వాటితో పోరాడే తెల్ల రక్తకణాలు బిడ్డకు ఉంటాయి గాని వాటి నిల్వ తక్కువ, సూక్ష్మజీవులు చేరిన చోటికి అవి త్వరగా చేరుకోలేవు. యాంటీబాడీలు సొంతంగా తయారుచేసుకోవడం ఆ శరీరం ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు. అందుచేత పెద్దవారిలో ఒక చిన్న పుండుగా ఆగిపోయేది, పసికందులో గంటల్లోనే రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకవచ్చు. జ్వరం కూడా శరీరం చేసే పోరాటమే. ఆ శక్తి లేని బిడ్డకు ఒళ్ళు కాలదు, చల్లబడుతుంది. మొదటి 28 రోజులు చాలా జాగ్రత్త అవసరం.

తల్లి ఇచ్చే రెండు కానుకలు

మొదటిది గర్భంలోనే అందుతుంది. తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి. ఇవి ఎక్కువగా చివరి మూడు నెలల్లో అందుతాయి కాబట్టి 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డలకు ఈ రక్షణ తక్కువ. గర్భిణికి టీడీ ఇంజెక్షన్ వేసేది కూడా ఇందుకే. ఒకప్పుడు ఎందరో పసికందులను బలిగొన్న ధనుర్వాతం మన దేశంలో నిర్మూలన స్థాయికి తగ్గిందని 2015లో నిర్ధారించారు. ధనుర్వాతపు టీకా, శుభ్రమైన కాన్పు కలిసి సాధించిన ఫలితమిది.

రెండవది ముర్రుపాలు. పసుపుపచ్చగా, చిక్కగా ఉన్నాయని ఇప్పటికీ కొందరు పిండి పారబోస్తున్నారు. అందులోని యాంటీబాడీలు బిడ్డ పేగుల లోపలి గోడకు పూతలా అంటుకొని సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించండి. తేనె, పంచదార నీళ్ళు, వస వద్దు. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు.

ఇంట్లో ఏమి చేయాలి?

- బిడ్డను ఎత్తుకునే ప్రతివారూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అమ్మమ్మ అయినా సరే, పాస్టరుగారైనా సరే.
- బొడ్డుకు పసుపు, బూడిద, నూనె, పౌడరు ఏదీ రాయవద్దు. పొడిగా వదిలేస్తే అదే ఊడిపోతుంది.
- కనీసం 24 గంటలు గడిచేవరకు స్నానం చేయించవద్దు. తరువాత కూడా ముక్కులో, చెవిలో నూనె పోయవద్దు, నోటితో ఊదవద్దు. కాటుక కూడా వద్దు.
- తక్కువ బరువు బిడ్డను తల్లి గుండెలమీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోవాలి. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన ఈ కంగారూ పద్ధతికి ఖర్చు లేదు. తల్లి అలసిపోతే తండ్రి కూడా చేయవచ్చు.
- పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా తప్పించవద్దు. హెపటైటిస్-బి 24 గంటల్లోపు పడాలి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగవద్దు

- పాలు తాగడం మానేయడం, లేదా బాగా తగ్గించడం
- కదలకుండా పడి ఉండడం, ఏడుపు బలహీనంగా ఉండడం
- పొట్ట కూడా చల్లగా ఉండడం, లేదా జ్వరం 99.5 డిగ్రీలు, ఆపైన ఉండడం
- నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం
- ఫిట్స్ రావడం
- బొడ్డు చుట్టూ ఎర్రబడడం, చీము, ఒంటిమీద చీముపొక్కులు
- అరచేతులు, అరికాళ్ళు పసుపుపచ్చగా మారడం

వీటిలో ఒక్కటి ఉన్నా పగలైనా రాత్రయినా ఆసుపత్రికి రండి, లేదా 108కి ఫోన్ చేయండి. మందుల షాపులో చుక్కలు అడిగి తెచ్చి వేయకండి. దారిలో బిడ్డను గుండెలకు హత్తుకొని వెచ్చగా ఉంచండి, తాగగలిగితే పాలు పట్టండి. మీ ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు బిడ్డను విప్పి చూపించండి.

సంఘస్థులకు ఒక మనవి. బిడ్డ పుట్టిందని తెలిస్తే చూడాలనీ ముద్దుపెట్టుకోవాలనీ అందరికీ ఉంటుంది. ఆ ప్రేమ మంచిదే. దగ్గు, జలుబు, చర్మవ్యాధి ఉన్నవారు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి ప్రార్థన చేయండి. ఆ ఇంటికి రెండు పూటలా భోజనం పంపండి. బాలింతకు అంతకంటే పెద్ద సాయం లేదు.

బిడ్డ ఏడిస్తే మనం పరుగెత్తుతాము. ఆకలి వేళ కూడా ఏడవని బిడ్డ దగ్గరకు ఇంకా త్వరగా పరుగెత్తాలి. తన బాధ తాను చెప్పుకోలేని ఆ చిన్నబిడ్డను దేవుడు మన చేతుల్లో పెట్టాడు. ఆ చేతులను ముందు కడుక్కుందాం.