మీకు తెలుసా? ఆర్‌సీతో కలిసినా అసలు ఇంజిన్ కాకపోవచ్చు!

పాత కారు ఇంజిన్ నంబరు ఆర్‌సీలోని నంబరుతో పొల్లుపోకుండా సరిపోయినా, అది ఫ్యాక్టరీలో బిగించిన ఇంజిన్ కాకపోవచ్చు!

• 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మారిస్తే ఆర్టీవో ఆఫీసుకు తెలిపి, ఆ మార్పును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అంటే ఆర్‌సీలో ఉన్నది రెండో ఇంజిన్ నంబరైనా కావచ్చు.

• కారైనా, ఒకప్పుడు జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్ చిన్న లారీ అయినా, బ్లాకు మీద నంబరు పంచ్ చేసిన చోటు తుడిచి చూడాలి. గ్రైండర్ గీతలు, వంకరటింకర అంకెలు కనిపిస్తే అనుమానించాల్సిందే.

• చాలా బ్లాకులపై పోత పోసిన తేదీ ఉంటుంది. అది బండి తయారైన తేదీ తర్వాతిదైతే ఇంజిన్ మారినట్టే.