పాత కారు దీపాలు మసకబారితే బల్బును కాదు, తీగను చూడాలి

సరిహద్దు పల్లెలలో కొన్ని ఇళ్ళ ముందు నేటికీ అంబాసిడర్ కారు నిలిచి కనిపిస్తుంది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును మాతృకగా తీసుకొని, 1950వ దశకం చివరిలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దీనిని తయారు చేయనారంభించింది. 2014లో తయారీ నిలిచిపోయింది. తాతగారు కొన్న కారును మనుమలు అమ్మలేక ఉంచుకున్న ఇళ్ళలో వినవచ్చే ఫిర్యాదు సాధారణంగా ఒక్కటే. ఇంజను బాగానే ఉంది. రాత్రివేళ మాత్రం దారి కనబడదు.

ఈ చిక్కుకు అలవాటైన మందు పెద్ద బల్బు. 60/55 వాట్ల బల్బును తీసివేసి 100/90 వాట్ల బల్బును బిగిస్తారు. కొన్నాళ్ళు వెలుగు పెరిగినట్లే కనిపిస్తుంది. ఆ తరువాత స్విచ్ వేడెక్కుతుంది, హోల్డరు కరుగుతుంది, తీగపై తొడుగు కాలిన వాసన వస్తుంది. రోగం ఒకచోట, మందు మరొకచోట అయినందువల్ల వచ్చే కష్టమిది. పాత కారులో కొరవడినది బల్బు శక్తి కాదు. ఆ బల్బు వరకు చేరవలసిన విద్యుత్తు.

వెలుగు ఎక్కడ పోతుంది?

తుంగభద్ర కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ సంగతి వివరించనక్కరలేదు. జలాశయంలో నీరు నిండుగా ఉన్నా, దారిలో పూడిక, గండి, ఇరుకు తూము ఉంటే చివరి మడికి తడి అందదు. కారులో బ్యాటరీ జలాశయం, హెడ్‌లైటు చివరి మడి. పాత పద్ధతిలో విద్యుత్తు బ్యాటరీ నుండి డ్యాష్‌బోర్డు స్విచ్‌కు, అక్కడి నుండి డిప్పర్ స్విచ్‌కు, మరల ముందు భాగానికి వచ్చి బల్బును చేరుతుంది. ఈ చుట్టుదారిలో ప్రతి అతుకు వద్దా కొంత వోల్టేజీ ఖర్చవుతుంది. రాగి తీగకు చిలుము పట్టినా, బాడీకి బిగించిన ఎర్త్ మరకు తుప్పు పట్టినా ఆ ఖర్చు పెరుగుతుంది.

లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. డిమ్ వేసినప్పుడు రెండు 55 వాట్ల బల్బులు కలిసి సుమారు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. దారిలో ఓములో ఆరవ వంతు నిరోధమున్నా ఒకటిన్నర వోల్టు పోతుంది. బ్యాటరీ వద్ద 13.5 వోల్టులుండగా బల్బుకు 12 వోల్టులే అందుతాయన్నమాట. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు. అంతకంటె ఎంతో వేగంగా తగ్గుతుంది. అందువల్ల ఆ ఒకటిన్నర వోల్టు లోటుకు దాదాపు మూడవ వంతు వెలుగు పోతుంది. పోయిన శక్తి దారిలో వేడిగా మారుతుంది. స్విచ్ చేతికి వెచ్చగా తగలడానికి కారణమదే. పెద్ద బల్బు వేస్తే కరెంటు పెరిగి ఈ వేడి మరింత హెచ్చుతుంది.

దోషాన్ని పట్టడం

లక్షణమే సగం దోషాన్ని చెబుతుంది. ఒక్క దీపమే మసకగా ఉంటే దాని ప్లగ్గునో ఎర్త్‌నో అనుమానించాలి. రెండూ మసకగా ఉంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న స్విచ్, తీగలు చూడాలి. డిమ్‌లో రెండూ ఆరిపోయి, బ్రైట్‌లో వెలుగుతుంటే డిప్పర్ స్విచ్‌ను మొదట చూడాలి. ఇంజను వేగం పెంచినప్పుడే వెలుగు బాగా పెరిగితే బ్యాటరీ, ఛార్జింగ్, ఫ్యాన్ బెల్టు బిగువు పరీక్షించాలి. బల్బులు మాటిమాటికీ మాడిపోతుంటే ఛార్జింగ్ వోల్టేజీ మితిమీరుతున్నదేమో చూడాలి.

తరువాతి పని మల్టీమీటరుది. ఇంజను నడుస్తుండగా డిమ్ వెలిగించి ముందుగా బ్యాటరీ వోల్టేజీ కొలవాలి. తరువాత బల్బు వెనుక, ప్లగ్గు తీయకుండానే కొలవాలి. ప్లగ్గు ఊడదీసి కొలిస్తే ప్రయోజనం లేదు. నీరు పారనప్పుడు కాలువలోని ఇరుకు తెలియనట్లే, కరెంటు పారనప్పుడు నష్టం కనబడదు. రెండు కొలతల మధ్య తేడా అర వోల్టు దాటితే మరమ్మతు అవసరం.

నష్టం ఏ వైపు ఉన్నదీ కూడా తెలుసుకోవచ్చు. మీటరు ఒక మొనను బ్యాటరీ ప్లస్ మీద, రెండవ దానిని బల్బుకు వచ్చే తీగ మీద పెడితే వచ్చే దారిలోని నష్టం కనిపిస్తుంది. బల్బు ఎర్త్ తీగకు, బ్యాటరీ మైనస్‌కు మధ్య కొలిస్తే తిరుగు దారిలోని నష్టం కనిపిస్తుంది. చాలా సందర్భాలలో ఎర్త్ మరను విప్పి, రేకును గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, మరల బిగిస్తేనే సగం వెలుగు తిరిగి వస్తుంది. ఖర్చు లేని ఈ పని ముగిసిన తరువాతే మిగిలినవి ఆలోచించాలి.

రిలే అనే దగ్గరి దారి

శాశ్వతమైన పరిష్కారం రిలే. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించే స్విచ్ ఇది. పాత స్విచ్‌లు ఇకపై దీపపు భారాన్ని మోయవు. రిలే లోపలి చుట్టను మాత్రం మేల్కొలుపుతాయి. దానికి సుమారు 0.15 ఆంపియర్ల కరెంటు చాలు. దీపానికి కావలసిన కరెంటు బ్యాటరీ నుండి దగ్గరి దారిన సూటిగా వస్తుంది.

బళ్ళారిలో అడిగినా, హోసూరులో అడిగినా, బరంపురంలో అడిగినా 12 వోల్టుల నాలుగు కాళ్ళ రిలే అంటే దొరుకుతుంది. దాని కాళ్ళ మీది అంకెలు ఏ ఊరిలోనైనా ఒకటే. 30వ కాలికి బ్యాటరీ ప్లస్ నుండి ఫ్యూజు ద్వారా తీగ రావాలి. 87 నుండి బల్బులకు తీగ వెళ్ళాలి. 86కు డిప్పర్ నుండి వచ్చే పాత హెడ్‌లైటు తీగను కలపాలి. 85ను ఎర్త్ చేయాలి. డిమ్‌కు ఒక రిలే, బ్రైట్‌కు మరొకటి కావాలి. ఒక్కొక్క దానికి వేరుగా 15 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే, దారి మధ్యలో ఒక ఫ్యూజు పోయినా రెండవ దీపం మిగులుతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న తీగకు రక్షణ ఉండదు.

తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం గల వాహనపు తీగయై ఉండాలి. ఇంటి వైరింగులోని ఒంటి రాగి తీగ కారు అదురుకు విరుగుతుంది. రేకు రంధ్రాల గుండా పోయేచోట రబ్బరు తొడుగు వేయాలి. నీరు నిలవకుండా రిలే కాళ్ళు క్రిందికి ఉండేలా బిగించాలి. ప్రతి దీపానికీ కొత్త ఎర్త్ తీగ వేయాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ తీగను విప్పడం మరువరాదు. మరమ్మతులు అనేకం జరిగిన కారులో తీగల రంగులను నమ్మరాదు. టెస్ట్ ల్యాంపుతో ప్రతి తీగనూ నిర్ధారించుకోవాలి. అనుభవం లేనివారు ఈ వివరాలు చెప్పి ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవడం మేలు.

ఎదుటివారి కన్ను

వెలుగు పెరిగిన తరువాత దాని దిశను సరిచేయడం తప్పనిసరి. కారును చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి డిమ్ వేయాలి. వెలుగు పై అంచు దీపం మధ్యభాగపు ఎత్తు కంటె సుమారు 10 సెంటీమీటర్లు క్రిందుగా పడాలి. వెనుక సీటు నిండా మనుషులు, డిక్కీ నిండా పెళ్ళి సామాను ఉన్నప్పుడు వెనుక కమానుపట్టీలు కుంగి ముందు దీపాలు పైకి లేస్తాయి. అప్పుడు ఎదుటి సైకిలు మనిషికి రోడ్డు అంచు కనబడదు. హాలోజన్ దీపపు గిన్నెలో ఎల్.ఈ.డీ. బల్బు పెట్టినా చిక్కు ఇటువంటిదే. ఆ గిన్నె హాలోజన్ తంతువు ఉండే చోటును బట్టి రూపొందినది. వెలుగు పుట్టే చోటు మారితే కిరణాలు చెదరి ఎదుటివారి కళ్ళలో పడతాయి.

పని పూర్తయ్యాక మరల మీటరుతో కొలవాలి. తేడా అర వోల్టు లోపునకు వస్తే, అదే 60/55 వాట్ల బల్బు కొత్తదానివలె వెలుగుతుంది. ఏటా తొలకరికి ముందు ఎర్త్ మరలు, ఫ్యూజులు ఒకసారి చూసుకుంటే, అర్ధరాత్రి ఆసుపత్రికి బయలుదేరవలసి వచ్చిన నాడు ఆ పాత కారు దారి చూపుతుంది.