మా ఊరి వైన్ షాపు ఎవరి మాట వింటుంది?

మా ఊళ్ళో బస్టాప్‌కి ఎదురుగా వైన్ షాపు ఉంది. దాన్ని ఆనుకుని రేకుల షెడ్డులో పర్మిట్ రూమ్. సాయంత్రం ఆరు దాటితే జనం అందులో పట్టక రోడ్డు మీదికి వచ్చేస్తారు. మా చెల్లి ఇంటర్ చదువుతోంది. కాలేజీ బస్సు ఊరు చేరేసరికి ఏడవుతుంది. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు తెలిసింది, తను ముందు స్టాపులోనే దిగి కిలోమీటరు నడిచి వస్తోందని. "మరేం చెయ్యను అన్నయ్యా, అక్కడ దిగితే ఏదో ఒకటి అంటారు" అంది.

మర్నాడు నాన్నతో కలిసి సర్పంచ్ గారి దగ్గరికి వెళ్ళాను. "లైసెన్సు ఇచ్చింది మేము కాదు బాబూ. గ్రామసభలో తీర్మానం రాసి పైకి పంపాం. అంతకుమించి మా చేతిలో లేదు" అన్నారాయన. తప్పించుకుంటున్నారనుకున్నా. హాస్టల్‌కి వచ్చి చదివితే ఆయన చెప్పింది నిజమేనని అర్థమైంది.

రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్రాల అంశం. తెలంగాణలో షాపులకు లాటరీ తీసి లైసెన్సు ఇచ్చేది ఎక్సైజ్ శాఖ. 2023లో 2,620 షాపుల కోసం 1.3 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పట్లో ఒక్కో దరఖాస్తుకి 2 లక్షలు, షాపు రాకపోయినా తిరిగి ఇవ్వరు. అంటే ఒక్క సీసా అమ్మకముందే 2,600 కోట్లు. ఇంత డబ్బు కదిలే చోట మా ఊరి తీర్మానం బరువెంతో మీరే ఊహించుకోండి.

రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. బడికి, గుడికి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపు షాపు పెట్టకూడదు. కానీ ఈ రూలు షాపు ఎక్కడుందో చూస్తుంది, ఎలా నడుస్తోందో చూడదు. షరతులు మీరితే లైసెన్సు రద్దు చేసే అధికారం 1968 నాటి ఎక్సైజ్ చట్టంలో ఉంది. అయితే అదీ ఆ శాఖ చేతిలోనే, ఆదాయం తేవాల్సింది కూడా ఆ శాఖే. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే ఇది ఓపెన్ లూప్. షాపు వల్ల ఊరికేం జరుగుతోందో ఆ సమాచారం లైసెన్సు దాకా వెనక్కి రాదు.

ఇంగ్లాండ్, వేల్స్‌లో ఈ లూప్ మూసే ఏర్పాటు ఉంది. 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం అక్కడ మద్యం లైసెన్సు ఇచ్చేది స్థానిక కౌన్సిలే. ఒక పబ్ వల్ల గొడవలు, నేరాలు పెరిగినా, చుట్టుపక్కల వాళ్ళకి నిద్ర లేకపోయినా, పిల్లలకి హాని జరిగినా పోలీసులే కాదు, పక్కింటివాళ్ళు కూడా రివ్యూ అడగొచ్చు. 28 రోజుల పాటు అభిప్రాయాలు తీసుకుంటారు. తర్వాత కౌన్సిలర్లు ఇరుపక్షాల వాదనా వింటారు. వేళలు తగ్గించొచ్చు, కొత్త షరతులు పెట్టొచ్చు, మూడు నెలల దాకా సస్పెండ్ చేయొచ్చు, మరీ ముదిరితే రద్దే. ఓనరుకి నచ్చకపోతే కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు. అంటే "మూసెయ్", "వదిలెయ్" మాత్రమే కాకుండా మధ్యలో చాలా మెట్లున్నాయి.

అంత దూరం ఎందుకు, పక్కనే మహారాష్ట్ర ఉంది. 2008 ఉత్తర్వు ప్రకారం ఊళ్ళోనో వార్డులోనో 25 శాతం మహిళా ఓటర్లు సంతకాలు పెడితే మద్యం షాపు మీద ఓటింగ్ పెట్టాలి. బ్యాలెట్ మీద గుర్తులు నిలబడ్డ సీసా, పడుకున్న సీసా. పడుకున్న సీసాకి సగానికి మించి ఓట్లొస్తే షాపు మూతే. చిక్కేంటంటే, ఆ సగం లెక్క వేసిన ఓట్లలో కాదు, మొత్తం ఓటర్లలో. పనికి వలసపోయిన ఆడవాళ్ళంతా షాపు వైపు ఓటేసినట్టే లెక్క. మన దగ్గర కూడా ఏజెన్సీ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం మద్యాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఇవ్వాలంటుంది. మైదానంలో ఉన్న మా ఊరికి అది వర్తించదు.

మన చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఒక ఊరి దుకాణంతో మొదలైన గొడవ రాష్ట్రం మొత్తం మూయడం దాకా వెళ్ళి, మళ్ళీ మొత్తం తెరవడం దగ్గర ఆగింది. ఊరికి తన దుకాణం మీద మాట చెల్లే ఏర్పాటు మాత్రం ఆ రెంటి మధ్యలో రాలేదు.

నేను తాగడం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పట్లేదు. మన హాస్టల్ సంగతి మనకి తెలీదా! నేననేది ఒక్కటే. ఆ షాపు వల్ల ఇబ్బంది పడేవాళ్ళకి దాని లైసెన్సు గురించి అడిగే హక్కుండాలి, విని నిర్ణయం చెప్పాల్సిన బాధ్యత ఎవరికో ఒకరికి ఉండాలి. మా షాపు వేళ ఒక గంట మారినా, పర్మిట్ రూమ్ గుమ్మం వెనక్కి తిప్పినా మా చెల్లి సమస్య సగం తీరిపోతుంది.

అప్పటిదాకా చేయగలిగింది చిన్నదే. ఏ రోజు, ఎన్నింటికి, ఏం జరిగిందో రాసిపెట్టమని చెల్లికి చెప్పాను. నోటిమాట ఫిర్యాదు కన్నా తేదీలున్న కాగితాన్ని పక్కన పడేయడం కష్టం. రెండు పేజీలు నిండాయట. వచ్చే సెలవుల్లో బస్టాప్‌లో దిగే మిగతా ఆడపిల్లల చేత కూడా సంతకాలు పెట్టించి ఎక్సైజ్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకుంటాం. తను మాత్రం ఇంకా ముందు స్టాపులోనే దిగుతోంది.