ఆంట్వెర్ప్‌కు తిండి పెట్టే నది

బెల్జియంలోని ఆంట్వెర్ప్ పేరు వినగానే వజ్రాలు గుర్తొస్తాయి. సెంట్రల్ స్టేషన్ పక్కన కాసిని వీధుల్లోనే నాలుగు వజ్రాల ఎక్స్ఛేంజీలు ఉన్నాయి మరి. అయినా ఊరికి తిండి పెట్టేది షెల్ట్ నది.

సముద్రానికి దాదాపు 80 కిలోమీటర్ల లోపలున్న ఊరు యూరప్‌లో రెండో పెద్ద రేవు ఎలా అయింది? ఆ లోతట్టు చోటే దాని బలం. సరుకు మోయడం రోడ్డు మీద కంటే నీళ్ల మీద ఎంతో చవక. ఓడ ఎంత లోపలికొస్తే జర్మనీ, ఫ్రాన్స్ ఫ్యాక్టరీలకు లారీ కిరాయి అంత తగ్గుతుంది. చిక్కల్లా పోటుపాట్లతోనే. ఇక్కడ నీటిమట్టం 5 మీటర్ల దాకా లేచి పడుతుంది. అందుకే నది పక్కన డాక్‌లు తవ్వి, మధ్యలో లాకులు కట్టారు. ఓడను రెండు గేట్ల మధ్యకు తీసుకుని, నీటిమట్టం సరిచేసి అవతలికి వదులుతారు. 1989లో తెరిచిన బెరెండ్రెహ్ట్ లాకు పొడవే 500 మీటర్లు.

నది ముఖద్వారం మాత్రం నెదర్లాండ్స్ చేతిలో ఉంది. 1585లో స్పెయిన్ సైన్యం ఊరిని పట్టుకోగానే, స్పెయిన్‌తో పోరాడుతున్న డచ్చివాళ్లు ఆ దారి మూసేశారు. వర్తకులు ఆమ్‌స్టర్‌డామ్ బాట పట్టారు; కొద్ది ఏళ్లలోనే జనాభా దాదాపు సగానికి పడిపోయింది. దారి మళ్లీ తెరుచుకోవడానికి రెండు శతాబ్దాలు పట్టింది. తర్వాత డచ్చివాళ్లు వేసిన సుంకాన్ని బెల్జియం 1863లో ఒకేసారి డబ్బు కట్టి వదిలించుకుంది.

ఇప్పుడు రేవును ఆనుకునే చమురు శుద్ధి, రసాయన కర్మాగారాలు ఉన్నాయి. 1960లలో వచ్చిన జర్మన్ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ వాటిలో పెద్దది. ఒక కర్మాగారంలో తయారైనది పైపుల్లో పక్కదానికి ముడిసరుకుగా వెళ్తుంది.

ఇక వజ్రాలు. ఒకప్పుడు మన దక్కన్ రాళ్లు కూడా పోర్చుగీసు ఓడల్లో లిస్బన్ చేరి ఇక్కడికొచ్చేవి. ఇప్పుడు వజ్రాలు విమానాల్లో వస్తాయి, రేవుతో పనే లేదు. సాన పట్టే పని చాలామటుకు సూరత్‌కు పోయింది. యూదుల చేతుల్లో ఉన్న వ్యాపారంలో ఎక్కువ భాగం గుజరాత్‌లోని పాలన్‌పూర్ జైనులకు చేరింది. బేరం కుదిరితే కొనేవాడూ అమ్మేవాడూ చెయ్యి కలిపి ‘మజాల్’ (హీబ్రూలో అదృష్టం) అనుకుంటారు, కాగితం కంటే ఆ మాటకే విలువ. రష్యా వజ్రాలపై ఐరోపా సమాఖ్య 2024 నుంచి ఆంక్షలు పెట్టాక దుబాయ్ పోటీ ఇంకా గట్టిపడింది. వజ్రాల వ్యాపారి కావాలంటే సంచి సర్దుకుని అక్కడికి వెళ్లగలడు. పైపులు పాతుకున్న కర్మాగారానికి ఆ వీల్లేదు. 2022లో మండిపోయిన గ్యాస్ ధరల లాంటి దెబ్బను ఉన్నచోటే కాచుకోవాలి, లేదా మూతపడాలి.