పాట తాళానికి వెలిగే ఇల్లు

సంగీతానికి తగ్గట్టు క్రిస్మస్ దీపాలు వెలిగించడమంటే, ఒక పక్క పాట మోగుతుంటే మరో పక్క బల్బులు మిణుకుమనడం కాదు. పాటలో ఏ దెబ్బకు ఏ దీపం, ఏ రంగులో, ఎంతసేపు వెలగాలో ముందే రాసిపెట్టి, ఆ రాతను పాటతోపాటు నడిపించడం. మైకు బిగించిన చిన్న కంట్రోలర్లు బజారులో చవకగా దొరుకుతాయి. చప్పుడు పెరిగితే అవి దీపాలను పెంచుతాయి, తగ్గితే తగ్గిస్తాయి. పల్లవి ఎక్కడ ముగిసి చరణం ఎక్కడ మొదలైందో వాటికి పట్టదు. ఇంటి ముందు నిలబడినవాళ్లను కట్టిపడేసేది మాత్రం సరిగ్గా ఆ మలుపే.

ఈ పనికి కావలసిన సరంజామా అంతా నడిచి తిరిగేంత దూరంలో దొరికే చోటు బెంగళూరు పాతపేట. బళేపేటలో హార్మోనియం, తబలా, డోలక్ అమ్మే వాద్యాల అంగళ్లు వరుసగా ఉంటాయి. దగ్గర్లోనే ఎస్పీ రోడ్డు ఉంది. కంట్రోలర్ బోర్డులు, పవర్ సప్లైలు, వైర్లు, కనెక్టర్లు అక్కడ దొరుకుతాయి. బీవీకే అయ్యంగార్ రోడ్డు ఎలక్ట్రికల్ సామానుకు పెట్టింది పేరు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు మొదట వెలిగిందీ ఈ చుట్టుపక్కలే. 1905 ఆగస్టు 5న సిటీ మార్కెట్ దగ్గర, శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటుతో వెలిగాయి.

క్రిస్మస్ చెట్టుకు విద్యుద్దీపాలు కట్టడం అంతకు ముందే, 1882లో న్యూయార్క్‌లో మొదలైంది. ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో ఎరుపు, తెలుపు, నీలం బల్బులు 80 కట్టి, చెట్టును గుండ్రంగా తిప్పాడు. చెట్టు తిరుగుతున్నకొద్దీ రంగులు మారేవి. పాటకు కట్టుబడిన దీపాలు ఇంటింటికీ తెలిసింది 2005లో. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, మేసన్ పట్టణంలో కార్సన్ విలియమ్స్ తన ఇంటికి కట్టిన 16 వేల బల్బులు 88 చానళ్ల మీద ‘విజర్డ్స్ ఇన్ వింటర్’ అనే వాద్యగీతానికి ఆడాయి. ఆ ప్రదర్శన వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా ఆయన పాటను కార్ల రేడియోలకు తక్కువ శక్తి ఎఫ్ఎంలో వినిపించాడు. అయినా కార్ల రద్దీ పెరిగి, దగ్గర్లో ప్రమాదం జరిగితే పోలీసులు రావడం ఆలస్యమవడంతో ప్రదర్శన ఆపేశాడు.

ఆ 88 చానళ్లలో ఒక్కోటి ఒక బల్బుల దండ మొత్తాన్నీ ఒకేసారి వెలిగించేది, ఆర్పేది. ఇప్పటి పిక్సెల్ బల్బు అలా కాదు. దాని లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు మూడు, వాటిని నడిపే చిప్పు ఒకటి ఉంటాయి. కంట్రోలర్ నుంచి వచ్చే సమాచారంలో తన వంతు 24 బిట్లు మొదటి బల్బు తీసుకుని, మిగతాది తర్వాతి బల్బుకు పంపుతుంది. ఒక బల్బుకు పట్టే సమయం 30 మైక్రోసెకన్లు. పాతపేట సందులో ఇంటి ముఖభాగం సన్నగా, నిటారుగా ఉంటుంది కాబట్టి గుమ్మం మీది నక్షత్రానికి 100, మూడు కిటికీలకు యాభయ్యేసి, పిట్టగోడకు 100, మొత్తం 350 బల్బులు చాలు. వీటన్నిటికీ ఒకసారి ఆదేశం అందడానికి పదిన్నర మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 40 సార్లు బొమ్మ మార్చాలంటే ఒక్కోసారికి ఉండే గడువు 25 మిల్లీసెకన్లు. అందులో ఇది హాయిగా సరిపోతుంది. వెయ్యి బల్బులను ఒకే వైరు మీద నడిపితే సరిపోదు, రెండు మూడు వైర్లుగా విడగొట్టాలి.

కొత్తవాళ్లు తడబడేది కరెంటు దగ్గర. 5 వోల్టుల పిక్సెల్ నిండు తెలుపులో 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. 350 బల్బులకు 21 ఆంపియర్లు, అంటే 105 వాట్లు. పవర్ సప్లైని అంచుదాకా వాడకూడదు కాబట్టి 30 ఆంపియర్లది తీసుకోవడం మేలు. దండ చివరికి పోయేకొద్దీ వోల్టేజి తగ్గుతుంది. నీలం ఎల్ఈడీకి ఎరుపు కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకే మొదటి బల్బు తెల్లగా ఉన్నా యాభయ్యో బల్బు నారింజ రంగుకు తిరుగుతుంది. అలా కనిపిస్తే బల్బు పాడైందని మార్చేస్తుంటారు. నిజానికి ఆ చివర పవర్ సప్లై నుంచి మరో జత వైర్లు కలిపితే రంగు తిరిగి వస్తుంది. 12 వోల్టుల దండల్లో ఈ బాధ తక్కువ. కంట్రోలర్‌కూ పవర్ సప్లైకీ నెగటివ్ వైరు ఒకటిగా కలిసి ఉండాలి. కలవకపోతే బల్బులు పిచ్చిపిచ్చిగా వెలుగుతాయి.

అసలు పని పాట దగ్గర ఉంది. బల్బులెన్ని ఉన్నా పాట వినకుండా రాసిన వెలుగు తేలిపోతుంది. ఎక్స్‌లైట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాటను తరంగంలా పరిచి, దాని కింద దెబ్బదెబ్బకూ గుర్తు పెట్టుకుంటారు. ఆ దెబ్బలను వాటంతట అవే పట్టే సాధనాలు అందులో ఉన్నాయి. స్టూడియోలో లెక్క కట్టి రికార్డు చేసిన పాటలకు అవి బాగా పనికొస్తాయి. తబలా, డోలక్‌ల మీద మనుషులు వాయించిన పాత రికార్డింగుల్లో మాత్రం చరణానికీ చరణానికీ నడక కాస్త మారుతుంది. అక్కడ పాట వింటూ కీబోర్డు మీద వేలితో తాళం వేసి గుర్తులు పెట్టుకోవడమే దారి.

తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటివారి రచనలున్న ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆదితాళమైతే ఆవర్తనానికి ఎనిమిది క్రియలు: ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసురు. మొదటి దెబ్బకు నక్షత్రం నడిబొడ్డు, మూడు వేళ్లకు మూడు కిటికీలు, తర్వాతి దెబ్బకు పిట్టగోడ ఎడమ నుంచి కుడికి, విసురుకు కుడి నుంచి ఎడమకు వెలిగితే, తాళం తెలిసినవాళ్లు వీధిలో నిలబడే లెక్కపెట్టుకోగలరు. పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ అదే రంగు రావాలి. చరణంలో దీపాలు తగ్గాలి. మొదటి నిమిషంలోనే ఇల్లంతా వెలిగిస్తే తర్వాత చూపడానికి ఏమీ మిగలదు. పాట మాటలకు నోరు కదిపే బొమ్మలు కూడా పెట్టవచ్చు, కాని సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఉచ్చారణ పట్టిక ఇంగ్లీషుది. తెలుగు మాటలకు పెదవుల కదలిక చేత్తోనే గుర్తించాలి.

రాత పూర్తయ్యాక ఫాల్కన్ ప్లేయర్ అనే ఉచిత ప్రోగ్రామును రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద ఎక్కిస్తే, పాటనూ దీపాలనూ ఒకే యంత్రం నడుపుతుంది. స్పీకరు వైరుతో కలపాలి. బ్లూటూత్ స్పీకర్లలో శబ్దం పదోవంతు సెకనో అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా వస్తుంది. దీపం ముందు, దెబ్బ తర్వాత పడి, రోజుల తరబడి చేసిన పని రసాభాస అవుతుంది.

కార్సన్ విలియమ్స్ వాడిన ఎఫ్ఎం ఉపాయం ఇక్కడ కుదరదు. భారతదేశంలో అనుమతి లేకుండా ప్రసారం చేయడం నేరం. స్పీకరుకు 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు వర్తిస్తాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. సందులో ఎదురింటి కిటికీ కొన్ని అడుగుల దూరంలోనే ఉంటుంది కనుక వెలుగును కూడా మూడోవంతుకు తగ్గించుకోవాలి. అప్పుడే రంగులు కంటికి ఇంపుగా ఉంటాయి, కరెంటూ కలిసొస్తుంది. సెకనుకు మూడుసార్లకు మించి ఇల్లంతా తళతళలాడించకూడదు. అలాంటి వెలుగు కొందరికి మూర్ఛ తెప్పిస్తుంది.

పవర్ సప్లై మీద 230 వోల్టుల మరలు బయటికే ఉంటాయి. దాన్ని గాలి ఆడే పెట్టెలో, పిల్లలకు అందని ఎత్తులో మూసిపెట్టి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ద్వారా, ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు నుంచే కరెంటు ఇవ్వాలి. వీధి మీద వేలాడే కరెంటు తీగలకు దగ్గరగా ఏదీ కట్టకూడదు. డిసెంబరులో తుఫాను జల్లు ఎప్పుడైనా పడవచ్చు. బల్బులు నీటికి ఆగేవే అయినా అతుకుల్లోకి తడి చేరుతుంది. అతుకులను కిందికి చూసేలా కట్టి, సిలికాన్ పూయాలి. పండగ అయ్యాక దండలు విప్పేటప్పుడు ఒక్కోదానికి ఏ కిటికీదో, డేటా ఏ చివర నుంచి వస్తుందో చీటీ అంటిస్తే, మరుసటి ఏడు రాసిన వరుస మార్చకుండానే మళ్లీ కట్టుకోవచ్చు.