కొమ్ముపిడి చాకు

చాకు అనగానే మనకు దాని అలుగు, పదును మాత్రమే స్ఫురిస్తాయి. కాని చేతికి నిత్యమూ తగిలేది పిడి. అలుగుకు తుప్పు పట్టకుండా చూసుకోవాలని అందరికీ తెలుసు. కొమ్ముతో చేసిన పిడికి కూడా సంరక్షణ కావాలని ఎరిగినవారు తక్కువ. అందుకే తాతల నాటి మేలైన చాకులు, అలుగు చెక్కుచెదరకుండా ఉన్నప్పటికీ, పిడి పగిలి మూలపడుతుంటాయి.

మడతచాకులకు ప్రసిద్ధి పొందిన ఊళ్ళలో ఫ్రాన్సు దేశంలోని లాయోల్ ఒకటి. ఆ పేరును వ్రాసే తీరుకూ పలికే తీరుకూ పొంతన ఉండదు; అక్షరాలను నమ్ముకున్నవారు ‘లగియోల్’ అని చదివి నవ్వులపాలవుతారు. ఓబ్రాక్ పీఠభూమి మీద ఉన్న ఆ చిన్న ఊరిలో 1829లో పియర్ జాన్ కల్మెల్స్ అనే ఆయన ఈ చాకుల తయారీకి నాంది పలికాడని చెబుతారు. ఆ పీఠభూమిలో పెరిగే పశువుల కొమ్ములు పొడవైనవి. వాటితోనే అక్కడివారు పిడులు చేసేవారు. కొమ్ము మొదలు భాగం బోలుగా ఉంటుంది. కొన మాత్రం గట్టిగా, నిండుగా ఉంటుంది. కనుక కొన నుండి తీసిన పిడికే విలువ ఎక్కువ.

కొమ్ముపని మనకు కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లాను ఆనుకొని ఉన్న పర్లాకిమిడి కొమ్ముతో చేసిన దువ్వెనలకూ, బొమ్మలకూ పేరుపొందింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ పట్టణం మద్రాసు రాజధాని నుండి విడిపోయింది. అయినా తెలుగు మాట అక్కడి వీధుల్లో నేటికీ వినిపిస్తుంది.

ఇంతకూ కొమ్ము అంటే ఏమిటి? ఆవు, గేదె, మేక వంటి జంతువుల తలపై ఎముకతో ఏర్పడిన ఒక మొలక ఉంటుంది. దాని మీద తొడుగువలె పెరిగేదే కొమ్ము. అది కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడుతుంది. మన గోళ్ళు, వెంట్రుకలు కూడా ఆ పదార్థమే. జింక కొమ్ము దీనికి భిన్నమైనది. అది నిజానికి ఎముక. ఏటేటా రాలి మళ్ళీ మొలుస్తుంది. మన దేశంలో జింక కొమ్ముల వ్యాపారం నిషిద్ధమన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది.

స్నానం చేసిన తరువాత గోళ్ళు మెత్తబడటం మనకు అనుభవమే. కొమ్ము కూడా అంతే. తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. చాకు పిడిలో కొమ్ము పలకలను ఇత్తడి లేదా ఉక్కు రేకులకు చిన్న చీలలతో బిగిస్తారు. తేమ మారినంత మాత్రాన లోహం కదలదు, కొమ్ము కదులుతుంది. కదలాలని చూసే కొమ్మును చీల పట్టి ఆపుతుంది. ఆ పెనుగులాటలో చీల రంధ్రం వద్ద సన్నని బీట పుడుతుంది. పైగా కొమ్ము పొరలు పొరలుగా పెరిగినది కావడం వల్ల ఆ బీట పొరల వెంట సాగిపోతుంది.

మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా తాతగారు తమలపాకుల తొడిమలు త్రుంచడానికి, మామిడికాయలు కోయడానికి వాడిన నల్లని కొమ్ముపిడి చాకు ఒకటి ఉండేది. ఆయన దానిని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి పెట్టేవారు. ఆయన గతించిన తరువాత, శుభ్రం చేద్దామన్న సదుద్దేశంతో, నేను దానిని వేడి సబ్బునీటిలో గంటసేపు నానబెట్టి, మే నెల ఎండలో ఆరబెట్టాను. సాయంత్రానికి పలక ఒకటి వంగి రేకు నుండి పైకి లేచింది. చీల దగ్గర వెంట్రుకంత బీట కనిపించింది. నలభై ఏళ్ళు నిలిచిన పిడి నా శ్రద్ధకు ఒక్క పూట తాళలేకపోయింది.

వేడి తగిలితే కొమ్ము మెత్తబడుతుంది. పనివారు దానిని మరిగే నీటిలో ఉంచి, అచ్చులలో ఒత్తి పలకలుగా మార్చేది ఈ గుణాన్ని ఆధారం చేసుకొనే. పనివాని చేతిలో వరమైన ఆ గుణమే మన ఇంట్లో శాపమవుతుంది. కాబట్టి వేడినీరు, పొయ్యి పక్క, ఎండ పడే కిటికీ గట్టు, మూసి ఉంచిన కారు, ఇవన్నీ కొమ్ముపిడికి శత్రువులు.

నూనె విషయంలోనూ ఒక అపోహ ఉన్నది. నూనె కొమ్ముకు ‘ఆహారం’ అని కొందరు అంటారు. కొమ్ము జీవం లేని పదార్థం. దానికి ఆకలి లేదు. పలుచని నూనె పూత తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుంది, అంతే. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ రెండు చుక్కలు గుడ్డపై వేసి రుద్ది, కొంతసేపటి తరువాత మిగిలినదానిని తుడిచివేయాలి. రెండు మూడు నెలలకొకసారి ఇలా చేస్తే చాలును. అవిసెనూనె ఆరి జిగురుగా పేరుకుంటుంది. కొబ్బరినూనె తక్షణావసరానికి పనికివస్తుంది గాని, కాలక్రమంలో కంపు కొడుతుంది.

వాడకుండా పెట్టెలో దాచిన చాకుకు మరొక గండం ఉన్నది. ఉన్నిబట్టలను తినే పురుగులు కొమ్మునూ తింటాయి. రెండూ కెరటినే కదా! పిడిపై సూదిమొన వంటి గుంటలు కనిపిస్తే అది వాటి పనే కావచ్చును. నెలకొకసారి బయటకు తీసి తుడిచే చాకుకు ఈ బెడద అరుదు.

పిడి కాంతి తగ్గితే మిక్కిలి నునుపైన గరుకుకాగితంతో, పొరల దిశలోనే, తేలికగా రుద్ది, ఆపై మెత్తని గుడ్డతో మెరుగు పెట్టవచ్చును. ఆ పొడి ఊపిరిలోనికి పోకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. వెంట్రుకంత బీటలో పలుచని సూపర్ జిగురు ఒక చుక్క వదిలి, ఆరిన తరువాత నునుపు చేస్తే అది మరి ముందుకు సాగదు. వదులైన చీలను మాత్రం ఇంట్లో సుత్తితో కొట్టరాదు. దెబ్బ చీలకు తగిలినా పగిలేది కొమ్మే. అది చాకులు బాగుచేసేవాని పని. మా తాతగారి చాకును నేను చివరకు అటువంటి వృద్ధుని వద్దకే తీసుకొనిపోయాను. ఆయన వంగిన పలకను వేడి చేసి సరిచేసి, కొత్త చీల వేశాడు. బీట జాడ నేటికీ కనిపిస్తూనే ఉన్నది.