గిరిప్రదక్షిణకు శరీరాన్ని సిద్ధం చేసుకోవడం ఎలా?

ఆషాఢ మాసం సమీపిస్తున్నదంటే మా పరవాడ ప్రాంతంలోని ఇళ్లలో సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ ప్రస్తావన వస్తుంది. శుద్ధ చతుర్దశినాడు సింహాచలం కొండ దిగువన తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన భక్తులు అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రతీరం చేరి, అప్పూఘర్ వద్ద స్నానమాచరించి, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, ఎన్.ఎ.డి. కూడలి, గోపాలపట్నం మార్గంలో తిరిగి కొండను చేరుకుంటారు. ఇది సుమారు 32 కిలోమీటర్ల నడక. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిచినా 8 గంటలు పడుతుంది. విశ్రాంతి, స్నానం, రద్దీ కలుపుకుంటే ఇంకా ఎక్కువే.

దారి ఆరంభంలో మనసుకు హాయి కలుగుతుంది. ఒక ప్రక్క సింహాచలం కొండలు, ముడసర్లోవ జలాశయం, ఆ చేరువలోనే సుమారు 70 చదరపు కిలోమీటర్లలో విస్తరించిన కంబాలకొండ అభయారణ్యం. ఆ పచ్చదనంలో నడిచేటప్పుడు అలసట తెలియదు. అసలు పరీక్ష సముద్రస్నానం తరువాత, నగరపు తారురోడ్డు మీద ఎదురవుతుంది.

శాస్త్రం వద్దన్న కాలంలో నడక

వ్యాయామం బలంలో సగానికి మించరాదని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో నిర్దేశించాడు. అదియును స్నిగ్ధాహారం తీసుకునే బలవంతులకు, శీతకాల వసంతాలలో మాత్రమే. తక్కిన ఋతువులలో అంతకంటే తక్కువ చేయాలి. గ్రీష్మ వర్షర్తువులలో దేహబలం, జఠరాగ్ని క్షీణించి ఉంటాయి. ఆషాఢ పౌర్ణమి గ్రీష్మం ముగిసి వర్షర్తువు ప్రవేశించే ముంగిట వస్తుంది. అంటే సంవత్సరంలో శ్రమకు మిక్కిలి ప్రతికూలమైన దినాలలోనే మనం 32 కిలోమీటర్లు నడుస్తున్నామన్నమాట.

దీనికి నేటి శరీరధర్మశాస్త్రం చెప్పే కారణం కూడా తెలుసుకోదగినదే. చెమట ఆరినప్పుడే ఒంటి వేడి తగ్గుతుంది. విశాఖ తీరంలో ఆ రోజులలో గాలి తేమతో నిండి ఉండటం వలన చెమట కారుతుందే కాని ఆరదు. నీరు, ఉప్పు నష్టమవుతాయి; వేడి మాత్రం లోపలే నిలుస్తుంది. రాత్రి నడిచినా ఈ ఇబ్బంది పూర్తిగా తొలగదు.

అయితే నడక మానుకోవాలా? అక్కరలేదు. అర్ధబలసూత్రాన్ని పాటించదలిస్తే మన పూర్తి బలాన్నే ముందుగా పెంచుకోవాలి.

ఎనిమిది వారాల సన్నాహం

మా ఇంట పాటిస్తున్న పద్ధతి ఇది. రెండు నెలల ముందు నుండి ఉదయం చల్లవేళ రోజూ 3 కిలోమీటర్లు నడుస్తాము. వారానికొక రోజు మాత్రం ఎక్కువ దూరం: మొదటివారం 5 కిలోమీటర్లు, ఆపైన వారానికి 2 చొప్పున పెంచుకుంటూ ఏడవ వారానికి 17. ఎనిమిదవ వారం విశ్రాంతి.

ఎంత నడిచినప్పుడు అర్ధబలం ముగిసిందో శరీరమే చెబుతుంది. నుదుటిమీద, ముక్కుమీద, చంకలలో, కీళ్లవద్ద చెమట పట్టడం, నోరు ఎండిపోవడం, నోటితో ఊపిరి తీసుకోవలసి రావడం దాని గుర్తులని ప్రాచీనులు చెప్పారు. ప్రక్కవారితో ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నది సులభమైన పరీక్ష. 17 కిలోమీటర్లు నడిచిన నాడు ఆయాసం లేకుండా, మరునాడు కీళ్లు పట్టెయ్యకుండా ఉన్నవారు 32కు సిద్ధపడవచ్చునని నా లెక్క.

మా పెద్దక్కయ్యకు 61 ఏళ్లు, మధుమేహం ఉన్నది. వైద్యుని అనుమతితోనే అభ్యాసం ఆరంభించినది. 11 కిలోమీటర్ల రోజున ఆయాసం, కాళ్లలో తిమ్మిరి కనిపించగా అంతటితో ఆపించాము. ఆమె కంట తడిపెట్టినది. కాని నడవలేనివారు పౌర్ణమినాడు ఆలయంలోనే ప్రదక్షిణ చేసే ఆచారం ఉన్నదికదా! ఆ ఏడు ఆమె అలాగే మొక్కు తీర్చుకొన్నది. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, మోకాళ్ల వాపు ఉన్నవారికి, గర్భవతులకు కూడా ఇదే శ్రేయస్కరము.

ఆహార పానీయాలు

శ్రమను హరించే పది ద్రవ్యాలను చరకాచార్యుడు ఒక గణంగా చెప్పాడు: ద్రాక్ష, ఖర్జూరం, మొరలి, రేగు, దానిమ్మ, అత్తి, పుటికి, చెరకు, యవలు, అరవై రోజుల ధాన్యం. వీటిలో ఎక్కువభాగం తీపి, పులుపు కలిసిన పండ్లే కావడం గమనించండి. 4 ఖర్జూరాలు, 15 ఎండుద్రాక్షలు రాత్రి నానబెట్టి, మరునాడు పిసికి, దానిమ్మరసం కలిపి సీసాలో పోసి తీసుకువెళ్లండి. మధుమేహులకు ఇది పనికిరాదు.

బయలుదేరే ముందు నేయి వేసిన పెసరపప్పు పులగం గాని, మజ్జిగ కలిపిన చోడి అంబలి గాని మితంగా పుచ్చుకోవాలి. కటిక ఉపవాసంతో నడవరాదు. ముఖ్యంగా మధుమేహానికి మందులు వాడేవారు ఉపవసిస్తే చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును.

దారిలో దాహాన్నిబట్టి కొద్దికొద్దిగా త్రాగాలి. ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ శ్రేష్ఠము. లేదా లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోండి. చెంచాలు తలగొట్టినట్లు సమంగా ఉండాలి. దాహం లేకున్నా వట్టి నీరు అదేపనిగా త్రాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతి, మతిభ్రమ కలుగుతాయి. నొప్పులు రాకుండా ముందుగానే మాత్ర మింగడం కొందరికి అలవాటు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకు చేటు చేస్తాయి.

పాదరక్షణ

వారం ముందునుండి రాత్రిపూట పాదాలకు నువ్వులనూనె మర్దించండి. చెప్పులు వేసుకునేవారు పాతవే వేసుకోవాలి. బొబ్బ లేస్తే చిదపవద్దు. శుభ్రమైన గుడ్డ చుట్టండి. మధుమేహులకు పాదస్పర్శ తగ్గి గాయం తెలియదు గనుక ఉత్త కాళ్లతో నడవరాదు.

ఇల్లు చేరిన తరువాత వావిలాకు కాచిన గోరువెచ్చని నీటితో స్నానం, గోరువెచ్చని నువ్వులనూనెతో పిక్కలకు మృదువైన మర్దన, కాళ్ల క్రింద దిండు, తేలికైన భోజనం, నిండు నిద్ర – ఇవే ఔషధాలు.

ఇంటి వైద్యం చాలని వేళ

ఒక ఏడు ఇసుకతోట దాటిన పిదప మాతో నడుస్తున్న ఒక పెద్దాయన పొంతనలేని మాటలు మాట్లాడసాగారు. ఒళ్లు కాలిపోతున్నది. తోటివారు పానకం పట్టబోగా నేను వారించాను. స్పృహ సరిగా లేనివారికి నోట ఏదీ పోయరాదు. ఆయనను పడుకోబెట్టి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరుతూ 108కి ఫోన్ చేశాము. సకాలంలో ఆసుపత్రికి చేరి ఆయన కోలుకున్నారు.

మాట తడబడటం, తూలిపోవడం, ఆగని వాంతులు, గుండెలో నొప్పి, మరునాడు మూత్రం కాఫీరంగులో రావడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కషాయాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

వచ్చే ఆషాఢానికి సంకల్పించుకున్నవారు వైశాఖంలోనే నడక ఆరంభించండి. ఇంటిల్లిపాదీ కలిసి అభ్యసిస్తే ఎవరి బలం ఎంతటిదో ముందే తెలిసివస్తుంది. ఎవరు కొండ చుట్టూ నడవాలో, ఎవరు గుడిలో ప్రదక్షిణ చేయాలో నిర్ణయించుకోవడం సులువవుతుంది.